చివరి వరుసలో చలి

నేను దయ్యాలను నమ్మను. ఇంజినీరింగ్ హాస్టల్లో మూడో అంతస్తు చివరి గదిలో ఎవరో తిరుగుతారని చెప్పి దాన్నెవరూ తీసుకోకపోతే, నాలుగేళ్లు అందులో నేనొక్కడినే హాయిగా ఉన్నాను. అక్కడ తిరిగింది ఫ్యాన్ ఒక్కటే. అదీ మిగతా గదుల కన్నా బాగా తిరిగేది.

ఈ సంగతి రాయడానికి ఏడాదికి పైగా ఆగాను. ఆగితే ఎక్కడో ఒకచోట వివరణ దొరుకుతుందనుకున్నాను. దొరకలేదు కాబట్టి జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. పేర్లు మార్చాను.

మేముండేది బాతెల్‌లో. సియాటిల్ పక్కన, ఏడాదిలో ఎనిమిది నెలలు వాన పడే ఊరు. మందులు తయారుచేసే ఒక కంపెనీలో ఫ్రీజర్లు చల్లగా ఉన్నాయని కాగితం మీద రుజువు చెయ్యడం నా ఉద్యోగం. చెయ్యి పెట్టి చూస్తే తెలుస్తుంది కదా అంటారు చుట్టాలు. కొలత సరైనదేనని చెప్పే కాలిబ్రేషన్ సర్టిఫికెట్ చేతికి ఉండదు. అందుకని అగ్గిపెట్టె అంత పరికరాలు లోపల పెడతాం. డేటా లాగర్లు అంటారు వాటిని. ఐదు నిమిషాలకోసారి ఉష్ణోగ్రత రాసుకుంటూ పోతాయి. ఎవరి మాటా నమ్మకుండా అంకెల్ని మాత్రమే నమ్మడానికి నాకు జీతమిస్తారు.

మా పక్కింట్లో కాథ్లీన్ గారు ఉండేవారు. ఎనభై ఎనిమిదేళ్లు. భర్త పోయి చాలా కాలమైంది, ఒక్కగానొక్క కొడుకు టామ్ ఐదు గంటల దూరంలో స్పోకేన్‌లో ఉంటాడు. ఆవిడ ఐర్లండ్‌లో పడమటి వైపు ఏదో పల్లెలో పుట్టి, ఇరవై ఏళ్లప్పుడు ఈ దేశం వచ్చారట. ఆవిడ ఇంగ్లిష్ అర్థం కావడానికి నాకు మూడు నెలలు పట్టింది. నా ఇంగ్లిష్ ఆవిడకి ఎప్పుడు అర్థమైందో అడగలేదు.

మా అమ్మాయి హాసినికి అప్పుడు ఆరేళ్లు. నేనూ నా భార్య లావణ్యా ఏడున్నరకి ఇల్లు వదలాలి, స్కూల్ బస్సేమో ఎనిమిదీ నలభైకి వస్తుంది. ఆ గంటా, మళ్లీ సాయంత్రం మేము వచ్చేదాకా, హాసిని కాథ్లీన్ గారింట్లో ఉండేది. లావణ్య ఆవిడని ఆంటీ అని పిలవమంది. ఎనభై ఎనిమిదేళ్ల ఆంటీ. ఆవిడకి ఆ పిలుపు తెగ నచ్చింది.

ఆవిడ హాసినికి చెప్పే కబుర్లన్నీ ఒకే చోటివి. ఆవిడ చదువుకున్న బడి. రెండు గదుల రాతి కట్టడం, ఒక మాస్టారు, చిన్నపిల్లలకి ఆయన భార్య. ఎండాకాలమంతా పిల్లలు చెప్పుల్లేకుండా రెండు మైళ్లు నడిచి వచ్చేవారు. చలికాలంలో కొందరికి అప్పుడూ ఉండేవి కావు. గదికి ఒకటే పొయ్యి. దాని పక్కన పాలసీసాలు వరసగా పెట్టుకుని మధ్యాహ్నానికి వెచ్చబెట్టుకునేవారు.

ఆ పొయ్యిలో వేసేది కట్టెలు కాదు, టర్ఫ్. ఆ మాట వినగానే మనకి క్రికెట్ గుర్తొస్తుంది. వాళ్లకి మాత్రం అది చిత్తడి నేలల్లో వేల ఏళ్లుగా కుళ్లి గట్టిపడిన గడ్డి. దాన్ని ఇటుకల్లా కోసి, ఎండబెట్టి, మన పిడకల్లా వాడుకుంటారు. బడికొచ్చే ప్రతి పిల్లా పొద్దున్నే ఒక టర్ఫ్ ఇటుక చంకలో పెట్టుకుని తేవాలి. తెచ్చినవాళ్లు పొయ్యి దగ్గర కూర్చుంటారు. తేనివాళ్లకి తలుపు పక్కన చివరి బెంచీ. మాస్టారు మాత్రం ఏమీ తేకుండానే పొయ్యికి వీపు పెట్టి నిలబడేవారట. మా మేనేజర్ గుర్తొచ్చాడు.

హాజరు పిలిస్తే వాళ్ల భాషలో 'అన్‌షో' అనాలట, ఉన్నాను అని. హాసిని తన స్కూల్లో కూడా అలాగే పలకడం మొదలుపెట్టింది. టీచర్ మిస్ ఒల్సన్ ఒకసారి కనబడి, "మీ భాష ఎంత బాగుందో" అన్నారు. అదంతా ఇప్పుడెక్కడ వివరిస్తాంలే అని థాంక్స్ చెప్పాను. తెలుగుకి నేను చేసిన అపకారాల్లో అది చిన్నదే.

నవంబరులో ఆ మిస్ ఒల్సన్ నుంచే ఈమెయిల్ వచ్చింది. హాసిని కొన్నాళ్లుగా ఇటుకలాంటి గోధుమరంగు వస్తువులు తెచ్చి తరగతి వెనక హీటర్ పక్కన పెడుతోంది. తన సీటు మార్చి చివర్లో ఉన్న ఖాళీ టేబుల్ దగ్గర కూర్చోబెట్టమని అడుగుతోంది. ఇంట్లో అంతా బాగానే ఉందా? చివర్లో ఒక స్మైలీ.

వీసా మీద బతికేవాడికి ఎక్కడి నుంచి ఉత్తరం వచ్చినా ఒకటే వణుకు. స్మైలీ ఉంటే ఇంకొంచెం ఎక్కువ.

సాయంత్రం హాసినిని కూర్చోబెట్టి అడిగాను.

"స్కూల్‌కి మట్టి ఎందుకు తీసుకెళ్తున్నావ్ రా?"

"మట్టి కాదు నాన్నా, టర్ఫ్. ఆ గర్ల్‌కి లేదు."

"ఏ గర్ల్?"

"బ్యాక్‌లో కూర్చుంటుంది. షూస్ లేవు. తనకి చాలా కోల్డ్. కాథ్లీన్ ఆంటీని అడిగా, ఇచ్చింది."

ఊహల్లో స్నేహితుల్ని కల్పించుకోవడం ఆ వయసు పిల్లలకి మామూలేనని ఇంటర్నెట్‌లో చదివాను. ఇంటర్నెట్‌లో నాకు నచ్చినది కనిపిస్తే ఇంకో పేజీ చూడను. అయినా మర్యాదగా ఒక మాట చెబుదామని శనివారం పొద్దున కాథ్లీన్ గారింటికి వెళ్లాను.

ఆవిడ ఇంట్లో పొయ్యి ఎప్పుడో గ్యాస్‌కి మారిపోయింది. దాని పక్కన మాత్రం ఒక చెక్కపెట్టె ఉండేది. అందులో టర్ఫ్ ఇటుకలు. చాలా ఏళ్ల కిందట ఆవిడ తమ్ముడు ఓడలో పంపాడట. ఒక్కటీ కాల్చలేదు. మూత తీసి చూపించారు. మూడు మిగిలాయి.

స్కూల్ వాళ్లు ఇబ్బంది పడుతున్నారని మెల్లగా చెప్పాను. ఆవిడ నా మాట విన్నట్టు లేరు.

"మీ పాప ఆ పిల్ల ఎక్కడ కూర్చుంటుందని చెప్పింది?"

"చివర్లో."

"తలుపు పక్కనా?"

నాకు తెలియదన్నాను. ఆవిడ పెట్టె మూత వేశారు. తర్వాత చెప్పారు. ఇంటికొచ్చి లావణ్యకి చెప్పడానికి నాకు గంట పట్టింది కానీ, కాథ్లీన్ గారు మాత్రం వంట ఎలా చెయ్యాలో చెప్పినట్టు చెప్పారు.

డెలియా అని ఒక అమ్మాయి. ఆవిడా డెలియా కలిసి బడికి నడిచేవారు. ఇద్దరికీ ఏడేళ్లు. డెలియా వాళ్ల నాన్న పని కోసం ఇంగ్లండ్ వెళ్లిపోయాడు. ఇంట్లో టర్ఫ్ కోసేవాళ్లు లేరు. అందుకని కాథ్లీన్ గారి అమ్మ రోజూ రెండు ఇటుకలు ఇచ్చేది. ఒకటి నీది, ఒకటి డెలియాది అని. ఆ చలికాలం ఒకరోజు మాస్టారు డెలియా దస్తూరీ అందరికీ చూపించి మెచ్చుకున్నారు. మర్నాడు కాథ్లీన్ గారు రెండు ఇటుకలూ తన పేరు మీదే పొయ్యి దగ్గర పెట్టారు. మాస్టారు తల నిమిరి, చూడండర్రా ఈ పిల్ల రెండు తెచ్చింది అన్నారు. డెలియా వెళ్లి తలుపు పక్కన కూర్చుంది.

"ఒక్క రోజు కాదు, వారమంతా అలాగే చేశాను. ఆ చెయ్యి నా తల మీద అంత బాగుంది మరి," అన్నారు ఆవిడ.

సోమవారం డెలియా బడికి రాలేదు. ఊపిరితిత్తుల జబ్బు. ఆ ఊళ్లో అప్పుడు అది చాలామందికి ఉండేదట. వసంతం రాకముందే పోయింది.

"అది నా వల్ల కాదని నాకు తెలుసు. నేను నర్సుగా ముప్ఫై ఏళ్లు పనిచేశాను. బెంచీ మారితే ఎవరూ చచ్చిపోరు." ఇంకో మాట కూడా అన్నారు: "మీ పాపకి బడి గురించి చెప్పాను, డెలియా గురించి చెప్పలేదు. నా భర్తకే చెప్పలేదు."

ఆ వయసులో ఏది ఎవరికి చెప్పారో గుర్తుండదని మనసులో అనుకున్నాను. ఇప్పటికీ కొంత అలాగే అనుకుంటున్నాను.

లేవబోతుంటే నా మణికట్టు పట్టుకున్నారు. "ఈ మూడూ వెళ్లనివ్వు బాబూ. నేను వెళ్లలేను కదా."

సరేనన్నాను. అప్పుడు నిజంగానే అన్నాను.

సోమవారం ఒకటి వెళ్లింది. బుధవారం ఒకటి. గురువారం ఇంకో ఈమెయిల్ వచ్చింది, ఈసారి స్కూల్ ఆఫీసు నుంచి. అనుమతి లేని సేంద్రియ పదార్థాలు బడిలోకి తేరాదని. స్మైలీ లేదు. శుక్రవారం నేను ఇంటి నుంచి పనిచేస్తున్నాను. హాసిని కాథ్లీన్ గారింటి నుంచి బస్సు దగ్గరికి పరిగెత్తుతూ షూ లేసు కట్టుకోవడానికి ఆగినప్పుడు, లేసు నేను కడతానని వంగి, బ్యాగులోంచి ఆ ఇటుక తీసేశాను. గరాజ్‌లో షెల్ఫ్ మీద పెట్టాను. సాయంత్రం ఆవిడకి తిరిగి ఇచ్చేద్దామనుకున్నాను. సాయంత్రం మీటింగ్ వచ్చింది.

ఇక్కడ మా కరివేపాకు మొక్క గురించి చెప్పాలి. ఈ దేశంలో తెలుగువాళ్లు పిల్లలకి ఫ్లూ టీకా మర్చిపోతారేమో కానీ, చలికాలం రాగానే కరివేపాకు కుండీని లోపల పెట్టడం మర్చిపోరు. లావణ్యకి దాని కోసమే ఒక వాట్సాప్ గ్రూప్ ఉంది. కొబ్బరిపీచు ఇటుక నీళ్లలో నానబెట్టి మట్టిలో కలిపితే వేర్లు చలికి తట్టుకుంటాయని ఆ వారమే ఎవరో పెట్టారు. శనివారం గరాజ్‌లోకి వెళ్లిన లావణ్యకి షెల్ఫ్ మీద గోధుమరంగు ఇటుక కనిపించింది. చెప్పకుండానే తెచ్చిపెట్టానని నా మీద ప్రేమ కూడా కలిగిందట.

మధ్యాహ్నం గరాజ్‌లోంచి కేకేసింది. "రవీ, ఇదెక్కడ కొన్నావ్? నాలుగ్గంటలు నానినా ఉబ్బడం లేదు. నాసిరకం సరుకు!"

నేను వెళ్లేసరికి అట్లకాడతో పొడిచి, పొడి చేసి, కుండీలో కలిపేసింది. ఐరిష్ వాళ్లు ఈ పని చెయ్యరు. అమెరికన్లు చెయ్యరు. మేమే చేస్తాం.

ఆదివారం పొద్దున కాథ్లీన్ గారింటి ముందు అంబులెన్స్ ఆగింది. పక్షవాతం. కుడివైపంతా పడిపోయింది, మాట పోయింది. పెట్టెలోని ఆఖరి ఇటుక ఎక్కడికి చేరిందో ఆవిడకి చెప్పే అవకాశం నాకు రాలేదు. వచ్చినా చెప్పేవాడిని కాదేమో.

హాసినికి చలి మొదలైంది ఆ సోమవారం నుంచే.

కాథ్లీన్ గారు హాస్పిటల్లో ఉన్నారు కాబట్టి, పొద్దున లావణ్యా సాయంత్రం నేనూ ఆఫీసు వేళలు మార్చుకున్నాం. బస్సు దిగేసరికి పిల్ల చేతులు మంచుముక్కల్లా ఉండేవి. పెదాలు పాలిపోయి ఉండేవి. ఇంటికొచ్చిన గంటకి మామూలైపోయేది. జ్వరం లేదు, దగ్గు లేదు. అడిగితే ఒకటే మాట.

"నాకు కోల్డ్ కాదు నాన్నా. తనకి. నేను పక్కన కూర్చుంటున్నా, అంతే."

డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాం. రక్తం తీశారు. థైరాయిడ్, ఐరన్, అన్నీ బాగున్నాయి. మందపాటి మేజోళ్లు వెయ్యమన్నారు. స్పెషలిస్ట్‌కి రాశారు, అపాయింట్‌మెంట్ మూడు నెలల తర్వాత దొరికింది. మిస్ ఒల్సన్ మంచి మనిషి, హాసిని సీటు మొదటి వరసలోకి మార్చారు. పది నిమిషాల్లో మళ్లీ వెనక టేబుల్ దగ్గర కనబడేదట. రెండు రోజులు ఇంట్లో ఉంచాం. ఒళ్లు వెచ్చగానే ఉంది కానీ, పిల్ల కిటికీ దగ్గర కూర్చుని ఏడ్చింది, తను అలోన్‌గా ఉంటుంది అని. మూడో రోజుకి లావణ్య సెలవులు అయిపోయాయి, నావి అంతకు ముందే అయిపోయాయి.

భీమవరంలో మా అత్తగారికి ఫోన్ చేసి చెప్పింది లావణ్య. ఆవిడ వీడియో కాల్‌లో ఉండి ఉప్పూ మిరపకాయలతో దిష్టి తీయించారు.

"ఇంకా పైకి తిప్పవే, తల చుట్టూ! అల్లుడుగారూ, మీరు నవ్వకండి."

నేను నవ్వలేదు. స్మోక్ అలారం మోగింది. లాడ్జి గదిలో దొంగల్లా ముగ్గురం తలుపులూ కిటికీలూ తీసి తువ్వాళ్లు ఊపాం. హాసిని ఒక్కతే సంతోషించింది. మర్నాడు బస్సు దిగేసరికి చేతులు అంతే చల్లగా ఉన్నాయి.

అప్పుడు నాకు తెలిసిన పని చేశాను. ఆఫీసులో వాడకం అయిపోయిన రెండు లాగర్లు తెచ్చి, ఒకటి హాసిని జాకెట్ లోపలి జేబులో కుట్టించాను. ఇంకోటి మిస్ ఒల్సన్‌ని బతిమాలి తరగతి గోడకి పెట్టించాను.

వారం తర్వాత అంకెలు చూశాను. గది రోజంతా డెబ్బై డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గర, అంటే మన లెక్కలో ఇరవై ఒకటి దగ్గర ఉంది. హాసిని జేబు ఇంట్లో, బస్సులో ఎనభై ఐదూ ఎనభై ఎనిమిదీ. తొమ్మిదింటికి గదిలోకి వెళ్లాక తగ్గడం మొదలుపెట్టి, తొమ్మిదిన్నరకి యాభై ఎనిమిదికి వచ్చి, ఆటల గంటకి పైకి లేచి, మళ్లీ పడిపోయింది. ఐదు రోజులూ అంతే.

దీని అర్థం నాకు బాగా తెలుసు కాబట్టే ఫైలు మళ్లీ మొదటి నుంచి చూశాను. బతికున్న పిల్ల ఒంటి మీది జేబు, ఆ పిల్ల కూర్చున్న గది కన్నా చల్లగా ఉండటానికి వీల్లేదు. లాగర్లు రెండూ మార్చి చూశాను. మళ్లీ కాలిబ్రేట్ చేశాను. ఎక్కడా తప్పు లేదు. ఫ్రీజర్ అలాంటి అంకెలిస్తే నలుగురం కూర్చుని రిపోర్ట్ రాస్తాం, మూల కారణం అని ఒక గడి ఉంటుంది, అందులో ఏదో ఒకటి నింపుతాం. ఇక్కడ ఆ గడిలో ఏం రాయాలో తెలియలేదు.

"ఆ ఇటుక నేను నానబెట్టకపోయుంటే..." అంది లావణ్య.

"బ్యాగులోంచి తీసింది నేను."

అంతకు మించి ఆ విషయం మాట్లాడుకోలేదు. చదువుకున్నవాళ్లం.

టామ్ ఇల్లు చూసుకోవడానికి వచ్చినప్పుడు, ఆ పెట్టెలో ఒకటి ఇస్తావా అని అడిగాను. ఎందుకని అడగలేదు, మంచివాడు. మూత తీశాడు. అడుగున ఇంత గోధుమరంగు పొడి తప్ప ఏమీ లేదు. ఆ పొడిని చేత్తో ఎత్తి కాగితంలో పోసుకుందామా అని కూడా అనుకున్నాను. టామ్ నా ముఖం చూస్తున్నాడు. ఊరుకున్నాను.

ఐర్లండ్ వదిలి వచ్చినవాళ్ల కోసం జ్ఞాపికలు అమ్మే వెబ్‌సైట్ ఒకటి దొరికింది. టర్ఫ్ ముక్క, బహుమతి డబ్బాలో, రిబ్బన్‌తో సహా. ఆర్డర్ చేశాను. అది కస్టమ్స్‌లో తొమ్మిది రోజులు ఆగింది. మా అమ్మ పంపే ఆవకాయ కూడా ఎప్పుడూ అన్ని రోజులు ఆగలేదు. ఆ తొమ్మిది రోజులూ సాయంత్రం మూడున్నరకి బస్సు దగ్గర నిలబడి, దిగిన పిల్ల చేతుల్ని నా చేతుల్లో పెట్టుకుని రుద్దుకుంటూ ఇంటికి నడిచాను. ఇంకేమీ చెయ్యలేకపోయాను. జేబు అంకెలు రోజుకి ఒక డిగ్రీ చొప్పున దిగుతున్నాయి. చివరి రోజు యాభైకి ఒక్క డిగ్రీ పైన.

ఆ మధ్యలో ఒక మధ్యాహ్నం హాస్పిటల్‌కి వెళ్లి కాథ్లీన్ గారిని చూసొచ్చాను. కళ్లు తెరిచే ఉన్నాయి. నన్ను చూస్తున్నాయో, నా వెనక గోడని చూస్తున్నాయో చెప్పడం కష్టం. చేతిలో ఏమీ లేకుండా వెళ్లి, ఏమీ చెప్పకుండా వచ్చాను.

మర్నాడే డబ్బా వచ్చింది. ఆ తర్వాతి పొద్దున నేనే స్కూల్‌కి తీసుకెళ్లాను. పిల్లల్ని దింపే వరసలో ముందు పది కార్లు, వెనక ఇరవై. నారింజరంగు జాకెట్ వేసుకున్న వాలంటీర్ చెయ్యి ఊపుతున్నాడు. నేను ఒళ్లో మట్టిముక్క పెట్టుకుని రిబ్బన్ విప్పుతున్నాను.

"ఇది చాలా స్మాల్ నాన్నా."

"ఇదే దొరికింది రా. తనకి సరిపోతుందంటావా?"

ఆ మాట అన్నాక గానీ నాకు తెలియలేదు, నేను ఎవరి గురించి అడుగుతున్నానో. వెనక కారు హారన్ కొట్టింది. హాసిని ముక్కని లంచ్ బ్యాగులో పెట్టుకుని దిగిపోయింది.

మధ్యాహ్నం బస్సు దిగిన పిల్ల జాకెట్ చేతిలో పట్టుకుని ఉంది. బుగ్గలు ఎర్రగా ఉన్నాయి. చెయ్యి పట్టుకున్నాను. వెచ్చగా ఉంది. మామూలు వెచ్చదనం కాదు, మండుతున్న పొయ్యి ముందు నుంచి లేచి వచ్చినట్టు.

బ్యాగు తెరిచి చూశాను. నేనిచ్చిన ముక్క అలాగే ఉంది.

"ఇవ్వలేదా?"

"వద్దంది. కాథ్లీన్ ఆంటీ తెచ్చిందిగా. టూ తెచ్చింది. ఒకటి ఆ గర్ల్‌ది."

"ఆంటీ హాస్పిటల్లో ఉంది కదమ్మా."

"నో, చిన్నగా ఉంది. నా అంత. బట్ కాథ్లీన్ ఆంటీయే."

"ఏమన్నా మాట్లాడిందా?"

"నాతో కాదు. ఇద్దరూ ఫ్రంట్‌కి వెళ్లి కూర్చున్నారు, అక్కడ వార్మ్‌గా ఉంది. నేను నా సీట్‌కి వెళ్లిపోయా. నాన్నా, ఇవాళ లంచ్‌కి పిజ్జా ఇచ్చారు."

డెలియా గురించి హాసినికి మేము చెప్పలేదు. అయితే నేను లావణ్యకి చెప్పింది వంటింట్లో, మా ఇల్లు పెద్దది కాదు. పిల్ల విని ఉండొచ్చు. ఇది నేనే ముందు ఒప్పుకుంటున్నాను.

లాగర్ విన్నదని మాత్రం చెప్పలేను. ఆ రోజు కూడా తొమ్మిదిన్నరకి యాభైకి దిగింది. పదీ ఐదుకి డెబ్బై. పదీ ఇరవైకి తొంభై ఏడు. బడి వదిలేదాకా అక్కడే ఉంది. గోడ మీది లాగర్ డెబ్బై దగ్గర్నుంచి కదల్లేదు. ఆ ఫైలు ఇప్పటికీ నా దగ్గర ఉంది.

సాయంత్రం టామ్ ఫోన్ చేశాడు. 

"నువ్వు మొన్న అమ్మని చూడ్డానికి వెళ్లావు కదా. ఏదైనా మొక్క తీసుకెళ్లావా?"

లేదన్నాను.

ఆ రోజు పొద్దున పక్క గుడ్డలు మారుస్తుంటే, ఆవిడ పడిపోయిన కుడి చంకలో గోధుమరంగు పొడి కనిపించిందట నర్సుకి. ఎడమ చేతి కిందా కొంచెం. గౌను మీద రెండు చోట్లా మరకలు. రోగి మంచం మీదికి మట్టి ఎవరు తెచ్చారని టామ్‌ని నిలదీశారట. ఎంతమాట అన్నారో చూడు అని అతని బాధ. ఎన్నింటికి అని అడిగాను. పదిన్నర అయ్యుంటుందన్నాడు. ఆ పొడి ఏం చేశారని అడిగాను. తుడిచేసి, గుడ్డలు ఉతకడానికి పంపించేశారు. చూడ్డానికి ఏమీ మిగలలేదు.

హాసినికి మళ్లీ చలి రాలేదు. స్పెషలిస్ట్ అపాయింట్‌మెంట్ వచ్చేసరికి చూపించడానికి ఏమీ లేదు. అయినా వెళ్లాం, రద్దు చేస్తే మళ్లీ దొరకదని భయం.

కాథ్లీన్ గారు ఆ తర్వాత పన్నెండు రోజులు ఉన్నారు. ఆఖరి ఆదివారం నేను వెళ్లాను. కుర్చీ దగ్గరికి లాక్కుని, ముందు నేను చేసిన తప్పు చెప్పాను. బ్యాగు, షెల్ఫ్, కరివేపాకు, అన్నీ. మామూలుగా అయితే ఆవిడ కరివేపాకు దగ్గర నవ్వేవారు. తర్వాత, మీ ఇటుకలు చేరాయి, డెలియా ఇప్పుడు పొయ్యి దగ్గర కూర్చుంది అని చెప్పాను. ఇంగ్లిష్‌లో ఆ వాక్యం పిచ్చిగా వినబడింది. ఎందుకో మళ్లీ తెలుగులో చెప్పాను. తెలుగులో అంత పిచ్చిగా లేదు.

ఆవిడ కళ్లు మూసుకున్నారు. ఎడమ చెయ్యి దుప్పటి మీద కొంచెం కదిలింది. నర్సుని అడిగితే అది రిఫ్లెక్స్ అంది. కావచ్చు.

బుధవారం ఆవిడ పోయారు.

ఆ పొద్దున తరగతిలోకి వచ్చింది నిజంగా ఆవిడే అయితే, నేను ప్రత్యేకంగా వెళ్లి చెప్పాల్సింది ఏమీ లేదు, ఆవిడకి అప్పటికే తెలుసు. ఆవిడ కాకపోతే, చనిపోబోతున్న మనిషికి మంచం పక్కన కూర్చుని నేను అబద్ధం చెప్పాను. రెండిట్లో ఏదో నాకు తెలియదు. అంకెలు చెప్పవు. హాసినికి ఇప్పుడు ఏడు దాటింది, అడిగితే ఆ చలికాలం గురించి పిజ్జా ఒక్కటే గుర్తుంది.